ఫాల్కర్క్‌ను పైనుంచి కిందికి చూడండి

స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరాకీ గ్లాస్గోకీ నడుమ ఉంటుంది ఫాల్కర్క్. ఏ వైపు నుంచి వచ్చినా రైల్లో అరగంట. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది కెల్పీలనే ఆ రెండు పెద్ద గుర్రపు తలల శిల్పాల ముందు ఫొటోలు దిగి, గంటలో తిరుగు బండి ఎక్కేస్తారు. ఆ గుర్రాలు అక్కడ ఎందుకున్నాయో, వాటి మెడల నడుమ కాలువ లాకు (తలుపుల మధ్య నీటిమట్టం మార్చి పడవను ఎక్కించి దించే ఏర్పాటు) ఎందుకుందో తెలియకుండానే వెళ్ళిపోతారు. ఈ ఊరికి అది తీరని అన్యాయం. ఇక్కడి గుర్తులు చాలావరకు ఒకే దారిన, ఒకదాని దిగువన ఒకటి ఉన్నాయి. పైన కొండవాలులో యూనియన్ కాలువ, దాని చివర పడవలను ఎత్తి దించే చక్రం ఫాల్కర్క్ వీల్, చక్రం కింద ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువ, అది మెట్లుమెట్లుగా దిగి చేరేచోట గుర్రాలు. నీళ్ళు పల్లానికి దిగే వరసలోనే చూస్తే ఒకటి చూశాక రెండోది దానంతటదే అర్థమవుతుంది. కాళ్ళకూ తేలిక, దారిలో చాలా భాగం చదును, మిగతాది దిగుడు. హడావిడి లేకుండా చూడాలంటే ఒకటిన్నర రోజు కావాలి. ఒక్కరోజే ఉంటే ఏది వదిలేయవచ్చో ముందుకు వెళ్ళాక చెబుతాం.

ముందు స్టేషన్ల సంగతి, ఎందుకంటే మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఎడిన్‌బరా, గ్లాస్గోల మధ్య పెద్ద లైనులో వచ్చే బండ్లు ఆగేది ఫాల్కర్క్ హై స్టేషన్‌లో. పేరుకు తగ్గట్టే అది ఊరికి ఎగువన, వాలు మీద ఉంటుంది. ఊరి నడిబొడ్డుకు దగ్గరిది గ్రేమ్‌స్టన్ స్టేషన్. ఎడిన్‌బరా నుంచి స్టిర్లింగ్ వైపు వెళ్ళే బండ్లు అందులో ఆగుతాయి, ఆ తర్వాత వచ్చే కామెలన్‌లోనూ ఆగుతాయి. సూట్‌కేసులతో వచ్చి ఊళ్ళో గది తీసుకునేవాళ్ళు గ్రేమ్‌స్టన్‌లో దిగాలి. హైలో దిగితే వెళ్ళేటప్పుడు పల్లమే కాబట్టి ఏమీ అనిపించదు. మర్నాడు అదే పెట్టెను ఎగువకు లాక్కురావాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. భుజాన సంచి ఒక్కటే ఉండి నడవగలిగితే మాత్రం ఫాల్కర్క్ హైని మించింది లేదు, యూనియన్ కాలువ గట్టు ఆ స్టేషన్ పక్కనే ఉంది.

గట్టెక్కాక పడమటికి తిరగకముందు ఒకసారి తూర్పుకు వెళ్ళి సొరంగం చూసి రండి. పొడవు 630 మీటర్లు. కొండ అడ్డొచ్చిందని తవ్విన సొరంగం కాదు ఇది. అప్పట్లో ఇక్కడి పెద్ద భూస్వామి, క్యాలెండర్ హౌస్ యజమాని విలియం ఫోర్బ్స్, తన ఇంటి కిటికీల్లోంచి చూస్తే కాలువ కనబడకూడదని పట్టుబట్టాడు. ఆయన మాట చెల్లింది, కూలీలు కొండను తొలిచారు. 1822లో కాలువ తెరిచారు. లోపల దీపాలున్నాయి, నడకదారికి కాలువ వైపు కమ్మీ కూడా ఉంది. రాతి మీద తొలిచిన గుర్తులు చేత్తో తడిమి చూడవచ్చు. పైకప్పు నుంచి కొన్నిచోట్ల నీళ్ళు ధారగా కారుతుంటాయి, టోపీ ఉన్న కోటు తొడుక్కోండి. దారి ఇరుకు. వెనక సైకిల్ గంట వినిపిస్తే గోడ వైపు జరిగి నిలబడాలి.

అక్కడి నుంచి పడమటికి చక్రం దాకా ముప్పావు గంట నుంచి గంట నడక, అంతా చదును. ఎడిన్‌బరా నుంచి ఇక్కడి దాకా ఈ కాలువ దాదాపు 50 కిలోమీటర్లు. అంత దూరంలో ఒక్క లాకు కూడా పెట్టకుండా, సముద్ర మట్టానికి 73 మీటర్ల ఎత్తును ఎక్కడా వదలకుండా, కొండ వంపుల వెంటే తవ్వుకొచ్చారు. గోదావరి జిల్లాల్లో కాలువల మీద లాకులు చూసి పెరిగినవాళ్ళకు దీని విలువ వెంటనే తెలుస్తుంది. లాకు లేదంటే పడవ ఆగక్కర్లేదు, నీళ్ళు వృథా కావు. కష్టమంతా చివర్లో వచ్చి పడింది. ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువ ఇంతకన్నా 35 మీటర్లు కింద ఉంది. ఆ 35 మీటర్లు దిగడానికి 11 లాకులు కట్టారు. ఒక పడవ అవన్నీ దాటేసరికి ఇంచుమించు రోజంతా పట్టేది, 3,500 టన్నుల నీళ్ళు కిందికి పోయేవి. సరుకంతా రైళ్ళకు మళ్ళాక 1933లో ఆ లాకులను విప్పేశారు. 1963లో కింది కాలువను, 1965లో పై కాలువను మూసేశారు. ఒకదానికొకటి ఇంత దగ్గర్లో ఉన్నా రెండు కాలువలకూ దాదాపు 70 ఏళ్ళు కలయిక లేకుండా పోయింది.

ఫాల్కర్క్ వీల్ కట్టింది ఆ 11 లాకుల బదులుగానే. గట్టు మీదుగా పైనుంచి వస్తే ముందు రెండు కొత్త లాకులు కనిపిస్తాయి. ఆ రెండూ కలిసి పడవను 11 మీటర్లు దించుతాయి. తర్వాత చిన్న సొరంగం, అది దాటితే గాల్లోకి చాచిన కాలువ. దాని కొస నుంచి మిగిలిన 24 మీటర్లూ చక్రం దించుతుంది. చక్రమంటే జాతరలో జెయింట్ వీల్ ఊహించుకోకండి. నడుమ ఇరుసు, దానికి రెండు వైపులా గొడ్డలి ఆకారంలో చేతులు, చేతుల చివర రెండు తొట్లు. ఒక్కో తొట్టిలో రెండున్నర లక్షల లీటర్ల నీళ్ళు, ఆ నీళ్ళలో పడవ.

ఇంత బరువును తిప్పడానికి అయ్యే కరెంటు సగం చుట్టుకు 1.5 యూనిట్లు. ఎనిమిది కెటిళ్ళ నీళ్ళు కాచుకునేంత. మాయమంత్రం ఏమీ లేదు. తొట్టిలోకి పడవ వచ్చినప్పుడు తన బరువుకు సరిపడా నీళ్ళను బయటికి తోస్తుంది. అందుకే పడవ ఉన్న తొట్టి, లేని తొట్టి ఒకే బరువు తూగుతాయి. తక్కెడ సరిగ్గా ఉన్నట్టే, ఇరుసును తిప్పడానికి మోటార్లు రాపిడిని గెలిస్తే చాలు. రెండు తొట్లలో నీటిమట్టం తేడా 37 మిల్లీమీటర్లు దాటకుండా కంప్యూటర్ కనిపెట్టుకుని ఉంటుంది. జెయింట్ వీల్ తొట్లు తమ బరువుకు తామే వేలాడతాయి. ఇక్కడ అలా వదిలేస్తే తొట్టి బిగుసుకుని ఒరిగిపోయే ప్రమాదం ఉంది కాబట్టి పళ్ళచక్రాలు పెట్టారు. నడిమి పళ్ళచక్రం కదలదు. చెయ్యి ఎంత తిరిగితే, మధ్యనున్న చిన్న చక్రాలు తొట్టిని అంతే ఎదురు తిప్పుతాయి. దాంతో నీళ్ళు తొణకవు.

దీన్ని ఇంగ్లండ్‌లో డెర్బీషైర్‌లోని ఒక కార్ఖానాలో మొత్తం బిగించి చూసి, మళ్ళీ విప్పి, 2001 వేసవిలో 35 లారీల్లో ఇక్కడికి తెచ్చారు. 2002 ఏప్రిల్‌లో, ఇంకా తెరవకముందే, ఎవరో పైకాలువ తలుపులు తెరిచేయడంతో నీళ్ళు వరదలా దిగి యంత్రాలు దెబ్బతిన్నాయి. బాగుచేసి మే 24న ఎలిజబెత్ రాణి చేత ప్రారంభం చేయించారు.

పడవ ఎక్కాలా, బయట నిలబడి చూడాలా? పడవ ప్రయాణం సుమారు గంట. కింది కొలను నుంచి పైకి ఎక్కించి, సొరంగం దాటించి, అవతల తిప్పి మళ్ళీ కిందికి దించుతారు. చక్రం తిరిగే సమయం అందులో నాలుగైదు నిమిషాలే. లోపల కూర్చుంటే కదులుతున్నట్టే తెలియదు, అంత మెత్తగా లేస్తుంది. బయటి నుంచి చూడటానికి టికెట్ లేదు. డబ్బు చూసుకుని రావాల్సిన విద్యార్థులు నిశ్చింతగా బయట నిలబడి రెండు మూడు చుట్లు చూడవచ్చు, దీని గొప్పతనం తెలిసేది కూడా అక్కడే. పిల్లలుంటే, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలుంటే పడవ ఎక్కించండి. పై కొస నుంచి ఉత్తరాన కొండల దాకా కనిపించే దృశ్యం వాళ్ళకు గుర్తుండిపోతుంది. వేసవి శనివారాలు, స్కూలు సెలవులు అయితే సీట్లు ముందే నిండిపోతాయి, ఆన్‌లైన్‌లో సమయం తీసుకునే బయల్దేరాలి. చలికాలంలో మరమ్మతుల కోసం కొన్ని వారాలు పడవలు ఆపుతారు. గాలి మరీ ఎక్కువైనా ఆగుతాయి. జనవరి, ఫిబ్రవరిల్లో వచ్చేవాళ్ళు ఆ రోజు నడుస్తున్నాయో లేదో చూసుకోకుండా రైలు టికెట్ కొనకండి.

చక్రం దగ్గరి నుంచి అడవి దారిన కొంచెం ఎగువకు నడిస్తే రఫ్ క్యాసిల్. దీన్ని దాటేసి పోయేవాళ్ళే ఎక్కువ. క్రీ.శ. 142లో రోమన్ చక్రవర్తి ఆంటొనైనస్ పయస్ కాలంలో ఈ దేశం నడుం మీదుగా, ఒక సముద్రపు పాయ నుంచి రెండో పాయ దాకా, సుమారు 60 కిలోమీటర్ల గోడ కట్టారు. రాతిగోడ కాదు. అడుగున రాళ్ళు పరిచి, పైన గడ్డితో సహా కోసిన మట్టి పెళ్ళలు పేర్చారు, ముందు లోతైన కందకం తవ్వారు. ఇరవై ఏళ్ళకే వదిలేసి దక్షిణానికి వెళ్ళిపోయారు. 2008 నుంచి ఇది యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. ఇక్కడ కోట బురుజులు కనిపిస్తాయని ఆశపడి వచ్చినవాళ్ళు గడ్డి దిబ్బలు చూసి నిరాశపడతారు. చూడాల్సింది ఇది: కోట ఉత్తరపు దారిన కందకం దాటి ఎడమకు తిరగండి. గడ్డిలో వరసలు వరసలుగా గుంటలు, ఒక వరస గుంటల సందుకు ఎదురుగా రెండో వరస గుంట వచ్చేలా తవ్వినవి. మొత్తం పది వరసలు. అడుగున మొనదేలిన కర్రలు పాతి, పైన కంపతో కప్పేవారు. చీకట్లో పరుగెత్తుకొచ్చేవాడు ఒక గుంట తప్పించుకున్నా ఇంకోదాంట్లో పడతాడు. లిల్లీ పువ్వులా ఉంటాయని రోమన్ సైనికులు వీటిని లిలియా అన్నారు. మధ్యాహ్నపు ఎండలో ఇవి కంటికి ఆనవు. పొద్దున గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడినప్పుడు ప్రతి గుంటా నీడతో నిండి స్పష్టంగా లేస్తుంది. వాన పడ్డాక దారి బురద, పట్టున్న బూట్లు లేకపోతే వెళ్ళకండి.

తిరిగి చక్రం దగ్గరికి వచ్చి ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువ గట్టు పట్టుకుని తూర్పుకు నడవాలి. గుర్రాల దాకా సుమారు 7 కిలోమీటర్లు. దారి తప్పే భయం లేదు. కామెలన్‌లో 16వ లాకు వస్తుంది, అక్కడి నుంచి అంకెలు తగ్గుతూ పోతాయి. పాత 11 లాకులు వచ్చి కలిసింది ఈ 16వ లాకు దగ్గరే. గట్టు మీద పొడుగాటి ఇటుక చిమ్నీతో కనిపించేది రోజ్‌బ్యాంక్ విస్కీ బట్టీ. 1840లో మొదలై 1993లో మూతబడి, 2024లో మళ్ళీ జనానికి తెరుచుకుంది. ఏ లాకు దగ్గరైనా రెండు నిమిషాలు ఆగి తలుపులు చూడండి. రెండు రెక్కలూ ఎగువకు మొన చేసి కలుస్తాయి. ఎగువ నీళ్ళ ఒత్తిడే వాటిని మూసి పట్టుకుంటుంది. అందుకే రెండు వైపులా మట్టం సమానం కానిదే ఎంత బలవంతుడు తోసినా తెరుచుకోవు. వెడల్పాటి దూలానికి వీపు ఆనించి కాళ్ళతో తన్ని తోస్తారు, కాలు జారకుండా నేలలో గట్లు కట్టి ఉంటాయి.

ఈ కాలువకు ఇంజనీరు జాన్ స్మీటన్. 1768లో తవ్వకం మొదలై 1790లో రెండు తీరాలనూ కలిపింది. 1803 మార్చిలో విలియం సిమింగ్టన్ కట్టిన షార్లెట్ డండాస్ అనే ఆవిరి పడవ, ఒక్కోటి 70 టన్నుల రెండు సరుకు పడవలను గ్లాస్గో వైపు ఇదే కాలువలో లాక్కెళ్ళింది. ఆవిరి పడవ పనికొస్తుందని చేసి చూపించింది. అయినా కాలువ యజమానులు ఒప్పుకోలేదు. పడవ రేపే అలలకు గట్లు కోతపడతాయన్నది వాళ్ళ భయం. దాంతో పడవలను తాడు కట్టి లాగే పని గట్టు మీది గుర్రాలకే ఉండిపోయింది. మీరు నడుస్తున్న ఈ దారి ఆ గుర్రాలదే.

ఊళ్ళోకి మళ్ళాలంటే కాలువ దిగి ఇరవై నిమిషాలు నడవాలి. హై స్ట్రీట్ నడుమ స్టీపుల్ అనే గడియార స్తంభం. 1814లో డేవిడ్ హ్యామిల్టన్ గీసిన నమూనా ప్రకారం కట్టింది, ఎత్తు 43 మీటర్లు. అంతకుముందున్నది పక్కన జరిగిన పనుల వల్ల ఒరిగిపోతే పడగొట్టేశారు. 1927లో దీని కొసమీద పిడుగు పడి పైభాగం కూలింది, మళ్ళీ కట్టారు. దాని పక్కనే సింహం తలలున్న రాతి బావి, క్రాస్ వెల్. 1681లో క్యాలెండర్ ప్రభువు ఊరి ఆడవాళ్ళకూ పిల్లలకూ మంచినీళ్ళు ఇచ్చినందుకు గుర్తు. ఇప్పుడున్న రూపం 1817 నాటిది. ఫాల్కర్క్‌లో పుట్టినవాళ్ళను ఇప్పటికీ బెయిర్న్స్ అంటారు, స్కాట్స్ భాషలో పిల్లలని అర్థం. ఊరి ఫుట్‌బాల్ జట్టుకూ అదే ముద్దుపేరు.

న్యూమార్కెట్ స్ట్రీట్‌లో గుర్రం మీద డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ రాతి విగ్రహం ఉంది. చెక్కింది రాబర్ట్ ఫారెస్ట్, నిలిపింది 1854లో. మొదట స్టీపుల్ ముందు ఉండేది, 1905లో ఇక్కడికి మార్చారు. తెలుగువాళ్ళు ఈ విగ్రహం ముందు కాస్త ఎక్కువసేపే ఆగాలి. నెపోలియన్‌ను ఓడించి వాటర్లూ వీరుడు కాకముందు, 1799లో శ్రీరంగపట్నం మీదికి వెళ్ళినప్పుడు ఈయన కల్నల్ ఆర్థర్ వెల్లెస్లీ. ఆ దండయాత్రలో హైదరాబాదు నిజాం పంపిన సైన్యానికి ఈయన రెజిమెంటును జతచేసి, ఆ దళాన్ని ఈయన చేతికే అప్పగించారు. మెత్తని ఇసుకరాయి కాబట్టి వానకూ పొగకూ అంచులు అరిగాయి. కంచు విగ్రహంలో కనిపించే పదును ఇందులో వెతక్కండి.

పాత చర్చి ఆవరణలో 1298 నాటి సమాధి చూడండి. ఆ ఏడు జూలై 22న ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ చేతిలో స్కాట్లాండ్ స్వాతంత్ర్యం కోసం పోరాడిన విలియం వాలెస్ ఓడిపోయింది ఫాల్కర్క్ యుద్ధంలోనే. వాలెస్ కుడిభుజం లాంటి సర్ జాన్ డి గ్రేమ్ ఇక్కడే ఖననమయ్యాడు. గ్రేమ్‌స్టన్ అన్న పేరు ఆయనదే. పాత రాయి అరిగినప్పుడల్లా దాన్ని తీసేయకుండా మీద ఇంకో పలక పరుస్తూ వచ్చారు. పక్కకు వంగి చూస్తే పలకల మధ్య సందులు కనిపిస్తాయి, వందల ఏళ్ళ గౌరవం పొరలు పొరలుగా. అదే ఆవరణలో 1746 జనవరి 17న జాకొబైట్ తిరుగుబాటుదార్లతో జరిగిన రెండో ఫాల్కర్క్ యుద్ధంలో చనిపోయిన ప్రభుత్వ సైన్యాధికారి సర్ రాబర్ట్ మన్రో స్మారకం కూడా ఉంది. ఆ యుద్ధం జరిగిన చోట, ఊరి ఎగువన, 1927లో నిలిపిన రాతి స్తంభం ఉంది. దాని కోసం ఎక్కాల్సిన ఎత్తుకు చూడటానికి దక్కేది తక్కువ, టైము లేకపోతే వదిలేయండి.

క్యాలెండర్ హౌస్ మాత్రం వదలకండి. సొరంగం తవ్వించిన ఫోర్బ్స్ ఇల్లు ఇదే. ఓడల అడుగుకు రాగి రేకు తొడిగే వ్యాపారంలో సంపాదించి 1783లో ఈ ఎస్టేటు కొన్నాడు. ప్రవేశానికి డబ్బు లేదు. లోపలి పాత వంటశాల, ఆంటొనైన్ గోడ గురించిన గది చూస్తే రఫ్ క్యాసిల్‌లో చూసిన గుంటలకు ప్రాణం వస్తుంది. ఇంటి ముందున్న పార్కులో గోడ కందకం చక్కగా కనిపిస్తుంది, బురద తొక్కే ఓపిక లేని పెద్దవాళ్ళకు రఫ్ క్యాసిల్ బదులు ఇది చాలు. తెరిచే రోజులు, వేళలు ముందే చూసుకోండి.

తిండి దగ్గర శాకాహారులకు రెండు జాగ్రత్తలు. చలిలో నడిచి వచ్చాక మెనూలో కనబడే లెంటిల్ సూప్ అచ్చం మన పప్పుచారులా కమ్మగా ఉంటుంది. కానీ స్కాట్లాండ్‌లో దాన్ని పంది ఎముక మరిగించిన నీళ్ళతో వండటం పాత అలవాటు. ఆర్డరిచ్చే ముందు స్టాక్ దేనిదో అడగండి, మొహమాటపడొద్దు. చిప్స్ అంగళ్ళలో చాలాచోట్ల నూనె బదులు గొడ్డు కొవ్వు వాడతారు, అదీ అడగాలి. కాల్చిన బంగాళాదుంప మీద చీజ్ గానీ బీన్స్ గానీ వేసినది ప్రతి కేఫ్‌లోనూ దొరుకుతుంది, కడుపు నిండుతుంది. నారింజ రంగు ఐర్న్ బ్రూ తాగని స్కాట్లాండ్ యాత్ర ఉండదు. దాన్ని చేసే బార్ కంపెనీకి మూలం 1875లో ఈ ఊళ్ళోనే రాబర్ట్ బార్ పెట్టిన వ్యాపారం. 1930లలో వాళ్ళ సీసాల బండిని లాగిన కార్నెరా అనే, బరువులు లాగే క్లైడ్స్‌డేల్ జాతి గుర్రం భుజం దగ్గర దాదాపు రెండు మీటర్ల ఎత్తు.

రాత్రి బస గురించి. ఎడిన్‌బరాలోనో గ్లాస్గోలోనో ఉండి పొద్దున వచ్చి రాత్రికి వెళ్ళడం చాలామంది చేసే పని, ఒక్కరోజు యాత్రకు అదే సరైనది. ఆగస్టులో మాత్రం లెక్క తిరగబడుతుంది. ఉత్సవాల నెలలో ఎడిన్‌బరా గదుల అద్దెలు ఆకాశానికి వెళతాయి. అప్పుడు ఫాల్కర్క్‌లో గది తీసుకుని రోజూ అరగంట రైల్లో ఎడిన్‌బరా వెళ్ళి రావడమే తెలివైన పని. గది గ్రేమ్‌స్టన్ స్టేషన్‌కు నడిచే దూరంలో ఉండేట్టు చూసుకోండి. మోటార్‌వే పక్కన ఉండే చెయిన్ హోటళ్ళు కారున్నవాళ్ళకు బాగుంటాయి, పార్కింగ్ సులువు. కారు లేకపోతే రాత్రి భోజనానికి కూడా టాక్సీ పిలవాలి, మిగిల్చిన డబ్బు అక్కడ పోతుంది. ఆదివారం రైళ్ళు తక్కువ, చివరి బండి వేళ ఉదయమే చూసి పెట్టుకోండి.

ఇక గుర్రాలు. శిల్పి ఆండీ స్కాట్. ఒక్కోటి 30 మీటర్ల ఎత్తు, 300 టన్నులు. 2013లో నిలిపి, 2014 ఏప్రిల్‌లో జనానికి తెరిచారు. కెల్పీ అంటే స్కాట్లాండ్ కథల్లో నీటి భూతం, గుర్రం రూపంలో ఒడ్డున నిలబడి, ఎక్కినవాణ్ణి వీపుకు అతికించుకుని నీళ్ళలోకి దిగిపోతుంది. పేరు ఆ కథది, ఆకారం మాత్రం కష్టజీవులది: కాలువ పడవలు, ఇనుప కార్ఖానాల బండ్లు, పొలం నాగళ్ళు లాగిన బరువు గుర్రాలు. నమూనాగా నిలబడినవి డ్యూక్, బారన్ అనే రెండు నిజమైన క్లైడ్స్‌డేల్ గుర్రాలు. తల వంచినది డ్యూక్, పైకెత్తినది బారన్. రెంటి నడుమ ఉన్న లాకు, కొలను అలంకారం కోసం కట్టినవి కావు. కాలువను క్యారన్ నదికి, అక్కడి నుంచి సముద్రానికి కలిపే కొత్త భాగం అది. చక్రం నుంచి నడిచి వచ్చినవాళ్ళకు ఈ చోటికి రాగానే కథ మొత్తం ఒక్కసారి అర్థమవుతుంది. పడవల దారి ఇక్కడ ముగుస్తుంది, వాటిని లాగినవి కాపలా ఉన్నట్టు నిలబడ్డాయి.

దూరం నుంచి నున్నగా కనిపించేది దగ్గరికి వెళితే వేరు. తుప్పు పట్టని ఉక్కు రేకులను ముక్కలుగా కోసి, లోపలి ఉక్కు చట్రానికి బిగించారు. రేకుకూ రేకుకూ నడుమ కావాలనే సందు వదిలారు. బుగ్గ ఎముక దగ్గర పెద్ద రేకులు, ముక్కుపుటం చుట్టూ సన్నవి. గైడుతో లోపలికి తీసుకెళ్ళే టూర్ ఉన్న రోజు వస్తే వెళ్ళండి. త్రిభుజాలుగా అల్లిన గొట్టాల మధ్య నిలబడి పైకి చూస్తే, సందుల్లోంచి పడే వెలుగు గీతలు గీతలుగా దిగుతుంది. టూర్ లేకపోయినా నష్టం లేదు, బయట తిరగడానికి ఏ వేళైనా డబ్బు లేదు. దారులన్నీ చదునుగా ఉంటాయి, చక్రాల కుర్చీ సులభంగా వెళుతుంది. టాయిలెట్లు, కేఫ్ పక్కనే. గాలికి అడ్డేమీ లేని మైదానం కాబట్టి జూన్‌లో కూడా పెద్దవాళ్ళకు చెవులు కప్పే టోపీ కావాలి.

చీకటి పడ్డాక లోపల దీపాలు వెలిగిస్తారు. పగలు రేకు కనిపించినచోట రాత్రి సందు కనిపిస్తుంది, గుర్రం వెలుగుతో గీసినట్టు ఉంటుంది. కానీ జూన్‌లో పొద్దుగూకేసరికే రాత్రి పది, డిసెంబరులో సాయంత్రం నాలుగు కూడా కాదు. ఎండాకాలంలో దీపాలు చూసి అదే రాత్రి ఎడిన్‌బరా చేరాలనుకుంటే కష్టం, గది ఇక్కడే తీసుకోవాలి. అక్టోబరు, మార్చి నెలలు అన్నింటికీ అనువు. ఒక్కరోజే ఉన్నవాళ్ళు సొరంగం, యుద్ధ స్తంభం, ఊరు వదిలేసి, మధ్యాహ్నం చక్రం, సాయంత్రం కాలువ గట్టు, చీకటికి గుర్రాలు పెట్టుకోండి.

రెండో రోజు పూట మిగిలితే క్యారన్ వైపు వెళ్ళండి. 1759లో మొదలైన క్యారన్ ఇనుప కార్ఖానా 1982లో మూతపడింది, గడియారపు గోపురం మిగిలింది. పొట్టిగా, వెడల్పాటి నోటితో ఉండే ఓడ ఫిరంగికి కారొనేడ్ అన్న పేరు ఈ ఊరిదే, ఆ గోపురం పక్కన ఫిరంగులు పెట్టారు. బ్రిటన్ ఎర్ర టెలిఫోన్ పెట్టెల్లో, పోస్టు డబ్బాల్లో చాలావాటిని పోత పోసింది కూడా ఇక్కడే. ఎక్కడైనా పోస్టు డబ్బా కనిపిస్తే అడుగున వంగి చూడండి, పోసిన కంపెనీ పేరు ఉంటుంది. ఇదే ప్రాంతంలో ఆర్థర్స్ ఊన్ అనే గుమ్మటం ఆకారపు రోమన్ రాతి కట్టడం 1743 దాకా చెక్కుచెదరకుండా నిలిచింది. ఆ ఏడు భూమి యజమాని సర్ మైకేల్ బ్రూస్ ఆ రాళ్ళు పీకించి క్యారన్ నదిలో మర ఆనకట్టకు వాడాడు. అయిదేళ్ళకే వరదకు ఆనకట్ట కొట్టుకుపోయింది. పదహారు వందల ఏళ్ళు నిలిచినదానికి ఇప్పుడు అక్కడ గుర్తు కూడా లేదు, తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

కారుంటే ఉత్తరాన ఎయిర్త్ దగ్గర డన్‌మోర్ అనాస చూడాల్సిందే. తోట మధ్య కట్టడం మీద 14 మీటర్ల రాతి అనాసపండు. తలుపు మీద 1761 అని చెక్కి ఉంటుంది. కట్టించిన డన్‌మోర్ ప్రభువు తర్వాత అమెరికాలో వర్జీనియాకు ఆఖరి బ్రిటిష్ గవర్నర్ అయ్యాడు. చలిదేశంలో అనాస పండించడానికి గోడ లోపల వేడి గాలి తిప్పేవారు, పైన కలశాల్లా కనిపించేవి పొగగొట్టాలే. శిల్పి నేర్పు ఆకుల్లో ఉంది. వంపు తిరిగిన ప్రతి రాతి ఆకునూ నీళ్ళు నిలవకుండా జారిపోయేలా వాలు ఇచ్చి చెక్కాడు. నీళ్ళు నిలిస్తే చలికి గడ్డకట్టి ఉబ్బి రాయి పగులుతుంది. ఇన్నేళ్ళకూ ఆకులు నిలిచి ఉన్నాయంటే ఆ వాలే కారణం. బయటి నుంచి చూడటం ఉచితం. పాత కట్టడాలను బాగుచేసి బసకిచ్చే ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ ద్వారా అందులో నలుగురు బస కూడా చేయవచ్చు. వేసవికైతే చాలా నెలల ముందు బుక్ చేయాలి. సరుకులు ఊళ్ళోనే కొని తీసుకెళ్ళండి. పడకగదులు ఒక వైపు, కూర్చునే గది, వంటిల్లు రెండో వైపు, నడుమ లోపలి దారి లేదు. వానలో ఇటు నుంచి అటు వెళ్ళాలంటే తలుపు తీసుకుని బయటికే రావాలి, గొడుగులు తలుపు దగ్గరే పెట్టుకోండి.